కయ్య నుంచి గుంట దాకా: నెల్లూరు తీరంలో రొయ్యల సాగు – సామాజిక, సాంస్కృతిక పరిణామం

వ్యాససంగ్రహం

1980 దశకం చివరి నుంచి 1994 దాకా నెల్లూరు తీరమండలాల్లో టైగర్ రొయ్యల సాగు అసాధారణ వేగంతో విస్తరించింది. ధర పలకని చవుడు నేలలకు ధర వచ్చింది. వరి పండిన కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. 1994 చివర తెల్లమచ్చ వ్యాధితో ఈ విజృంభణ కుప్పకూలింది. ఆ కొద్ది సంవత్సరాల్లో భూమి, శ్రమ, భాష, తిండి, తాగునీరు అన్న అయిదు రంగాల్లో వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రొయ్యల సాగు నేలను గట్లతో విడదీసింది గాని నీటిని విడదీయలేకపోయింది. సంపద గట్టు లోపలివారికి చేరగా నష్టం ఉమ్మడి నీటి ద్వారా అందరికీ చేరింది. నెల్లూరు తీరంలో వచ్చిన సామాజిక మార్పును అర్థం చేసుకోవడానికి ఈ వైరుధ్యమే కీలకమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నెల్లూరు తీరం, రొయ్యల సాగు, ఉమ్మడి వనరులు, యానాదులు, పట్టపువారు, తాగునీరు, నీలి విప్లవం.

1. ఉపోద్ఘాతం

ఆర్థిక విజృంభణ కాలాలను సాధారణంగా ఉత్పత్తి, ఎగుమతి, ఆదాయం వంటి అంకెలతో కొలుస్తారు. ఆ అంకెలు మనుషుల మధ్య సంబంధాలు ఎలా మారాయో చెప్పవు. ఒక ఊరివారు ఏ దారిన సముద్రానికి నడిచేవారు, ఏ చెలమలో నీళ్లు తోడుకునేవారు, ఎవరిని రైతు అని పిలిచేవారు అన్న ప్రశ్నలు ఆర్థిక చరిత్రలో అరుదుగా కనిపిస్తాయి. ఒక విజృంభణ ముగిసిన తరువాత సమాజంలో నిలిచిపోయే మార్పులు మాత్రం ఎక్కువగా ఇటువంటి విషయాల్లోనే ఉంటాయి.

ఈ దృష్టితో పరిశీలించడానికి నెల్లూరు తీరం తగిన ఉదాహరణ. కేరళలో పొక్కాళి వరిపొలాల్లోనూ, బెంగాల్‌లో భేరీలలోనూ రొయ్యలను, చేపలను పెంచే పద్ధతి తరతరాలుగా ఉంది. నెల్లూరు తీరంలో అటువంటి బలమైన పరంపర లేదు. ఇక్కడ రొయ్య వేటలో దొరికేదే గాని సాగులో పండేది కాదు. అందువల్ల మార్పు ఒక్కసారిగా వచ్చింది. దాని ముందు స్థితికీ తరువాతి స్థితికీ మధ్య గల తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో నెల్లూరు తీరం అంటే 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న జిల్లాలోని తీరమండలాలు. ఉత్తరాన కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు; మధ్యలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు; దక్షిణాన చిల్లకూరు, కోట, వాకాడు వీటిలో ముఖ్యమైనవి.

2. రొయ్యల సాగుకు ముందు తీరం

పెన్నా డెల్టా ప్రధానంగా వరి ప్రాంతం. 1855లో కట్టిన నెల్లూరు ఆనకట్ట, 1880లలో పూర్తయిన సంగం ఆనకట్ట ఈ ప్రాంతపు వరిసాగును స్థిరపరిచాయి. మొలగొలుకులు బియ్యానికి నెల్లూరు పేరుపొందింది. ఈ ప్రాంతంలో వరిమడిని కయ్య అంటారు. ధాన్యాన్ని పుట్లలో లెక్కిస్తారు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. కాలువ నీరు అందే కయ్య సంపదకూ పరపతికీ గుర్తు.

డెల్టా అంచుకు వెళ్లేకొద్దీ నేల స్వభావం మారుతుంది. కాలువల చివరి భూములు, ఉప్పుటేళ్ల ఒడ్డు నేలలు చవుడుబారి ఉండేవి. ఆ తరువాత బకింగ్‌హామ్ కాలువ, దానికి ఆవల ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, తాటిచెట్లు, వాటి చివర మత్స్యకారుల పల్లెలు. 1876–78 కరువుకాలంలో విస్తరించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న ఈ కాలువ ఒకప్పుడు సరుకు రవాణా మార్గం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తుపాన్ల దెబ్బకు పూడిపోయి ప్రాముఖ్యం కోల్పోయింది. రొయ్యల సాగు వచ్చాక అదే కాలువ గుంటలకు ఉప్పునీరు అందించే మార్గంగా మళ్లీ విలువ పొందింది.

ఈ అంచు నేలల్లో అధికభాగం రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు, బంజరు. ప్రభుత్వ దృష్టిలో ఆదాయం లేని భూమి అది. అక్కడ బతికేవారికి మాత్రం అది పనికిమాలిన నేల కాదు. పశువులు మేసేది అక్కడే. వంటచెరకు దొరికేది అక్కడే. మత్స్యకారులు వలలు ఆరవేసుకునేదీ, సముద్రానికి నడిచే దారీ అక్కడే. యానాదులు ఉప్పుటేళ్లలో చేపలు, పీతలు, రొయ్యలు పట్టేదీ అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో యానాదుల జనాభా అత్యధికంగా ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. వారి జీవితంపై విస్తృతంగా కృషిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వెలువరించిన గ్రంథం ఆ సముదాయపు అధ్యయనానికి నేటికీ ఆధారం. కాగితం మీద యాజమాన్యం లేని చోట అనుభవ హక్కుతో బతకడం యానాదుల జీవనానికి పునాది.

తీరపు పల్లెల్లో ప్రధాన మత్స్యకార సముదాయం పట్టపువారు. వారి ఆస్తి పడవ, వల. భూమి వారికి ఆస్తి కాదు, దారి. ఈ విధంగా డెల్టా రైతుకు కయ్య, పట్టపువారికి సముద్రం, యానాదులకు ఉప్పుటేరు జీవనాధారాలుగా ఉండగా, వాటి నడుమ ఉన్న పోరంబోకు ముగ్గురికీ ఉమ్మడి వనరుగా పనిచేసింది. ఈ ఏర్పాటు సమానత్వం మీద నిలిచినది కాదు. కులపరమైన ఎక్కువ తక్కువలు దానిలో బలంగా ఉన్నాయి. అయినా ఏ వర్గానికీ పూర్తిగా తలుపు మూయని స్థలం ఒకటి మిగిలి ఉండేది.

3. విజృంభణకు కారణాలు

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు పుట్టడానికి కారణాలు నెల్లూరులో మాత్రమే లేవు. 1980 దశకంలో టైగర్ రొయ్యల సాగులో ముందున్న తైవాన్‌లో 1987–88లో వ్యాధుల వల్ల ఉత్పత్తి పడిపోయింది. 1993లో చైనా సాగు కూడా దెబ్బతిన్నది. జపాన్, అమెరికా, ఐరోపా దేశాల్లో గిరాకీ మాత్రం తగ్గలేదు. ఆ లోటు పూరించే అవకాశం భారత తీరానికి వచ్చింది.

1991 జూలైలో రూపాయి విలువ తగ్గించడంతో ఎగుమతిదారుకు డాలరుపై వచ్చే రూపాయలు పెరిగాయి. సరళీకరణ విధానాలు ఎగుమతి వ్యవసాయాన్ని ప్రోత్సహించాయి. 1972లో ఏర్పడిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ సాగుదారులకు సాంకేతిక సహాయం అందించింది. ఆ సంస్థ తోడ్పాటుతో 1980 దశకం చివర విశాఖపట్నంలో రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రం ఏర్పడింది. తరువాత ప్రైవేటు హేచరీలు వెలిశాయి. బ్యాంకులు అప్పులిచ్చాయి. కంపెనీలు షేరు మార్కెట్ ద్వారా పెట్టుబడి సేకరించాయి. 1994–95లో భారత సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ తొలిసారిగా వంద కోట్ల డాలర్లు దాటింది. దీనినే నీలి విప్లవం అన్నారు.

స్థానికంగా మూడు అనుకూలతలు కలిసివచ్చాయి. కండలేరు, స్వర్ణముఖి, పెన్నా ముఖద్వారాల్లోనూ బకింగ్‌హామ్ కాలువలోనూ ఉప్పునీరు ఉంది. పక్కనే చౌకైన చవుడు నేల ఉంది. చెన్నై విమానాశ్రయం, ఓడరేవు దగ్గరలో ఉన్నాయి. నాలుగైదు నెలల్లో చేతికొచ్చే పంటకు వరితో పోల్చలేని ఆదాయం రావడంతో డెల్టా రైతులతోపాటు పట్టణాల్లోని వైద్యులు, న్యాయవాదులు, గుత్తేదారులు కూడా పెట్టుబడి పెట్టారు. మొదట చవుడు నేలల్లో తవ్విన గుంటలు క్రమంగా వరి కయ్యల్లోకి వచ్చాయి.

4. భూమి: పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది

గుంట తవ్వడమంటే ముందు గట్టు పోయడం. గట్టు రాగానే అంతవరకు నడిచిన దారి మూసుకుపోయింది. పశువుల మేత పోయింది. మత్స్యకారులు తీరానికి చుట్టు తిరిగి పోవలసివచ్చింది. ఉప్పుటేటి ఒడ్డున యానాదులు వల వేసుకునే చోట పంపుసెట్లు, కాపలాదారుల గుడిసెలు వెలిశాయి. పోరంబోకు నేలను ఆక్రమించుకున్న చోట ఈ మార్పు మరింత తీవ్రంగా ఉండింది.

భూమిలేని పేదలకు ప్రభుత్వం పంచిన డి.కె.టి. పట్టాల సమస్య వేరు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. అప్పట్లో ఆ భూములను అమ్మడానికి వీలుండేది కాదు, లీజుకు ఇవ్వడానికి వీలుండేది కాదు. నీటివసతి లేక బీడుగా పడివున్న ఈ భూములకు రొయ్యల సాగుతో ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. నోటిమాట ఒప్పందాల మీద అవి ఇతరుల చేతుల్లోకి వెళ్లాయి. పట్టా మీద పేరు దళితునిదో యానాదిదో, గట్టు మీద పెత్తనం పెట్టుబడిదారునిది. లీజు సొమ్ము పట్టాదారుకు ఆ సంవత్సరం ఆసరా అయ్యింది. కాని గుంటగా మారిన నేల తిరిగి కయ్య కావడం చాలా కష్టం. పైమట్టి పోయి, ఉప్పు అడుగుదాకా దిగిన భూమిని బాగుచేసుకునే శక్తి ఆ పట్టాదారుకు లేదు.

పక్కపక్క కయ్యల మధ్య మరో సమస్య తలెత్తింది. ఒక రైతు తన కయ్యను గుంటగా మారిస్తే ఊటనీటితో పక్క కయ్య చవుడుబారుతుంది. ఆ రైతు వరి పండించలేక తాను కూడా గుంట తవ్వాలి, లేదా భూమిని లీజుకివ్వాలి. కాబట్టి వరి నుంచి రొయ్యకు మారడం ప్రతి ఒక్కరి ఇష్టపూర్వక నిర్ణయం కాదు. కొందరికి అది లాభాపేక్ష, కొందరికి అనివార్యత. విజృంభణను కేవలం రైతుల ఆశగా వర్ణించే కథనాలు ఈ రెండో కోణాన్ని విస్మరిస్తాయి.

5. శ్రమ, కాలం

వరిసాగులో నాట్లు, కలుపు, కోతలు ప్రధానంగా స్త్రీల పనులు. వ్యవసాయ కూలీ కుటుంబాల్లో, ముఖ్యంగా దళిత కుటుంబాల్లో స్త్రీల సంపాదనకు ఈ పనులే ఆధారం. రొయ్యల గుంటకు కావలసింది కొద్దిమంది పురుషులు. మేత చల్లడం, చెక్ ట్రేలు ఎత్తి చూడడం, ఏరియేటర్లు నడపడం, రాత్రి కాపలా కాయడం ఆ పనులు. గుంటలు తవ్వే కాలంలో కూలి బాగా దొరికింది. తవ్వకం పూర్తయ్యాక అది తగ్గింది. స్త్రీలకు మిగిలిన పని ఎక్కువగా రొయ్యలు ఒలిచే షెడ్లలోనే. మంచునీటిలో గంటల తరబడి చేతులు పెట్టి చేసే ఆ పని ఊరికి దూరం, బాధ్యుడైన యజమాని కంటికి కనబడని పని.

హేచరీలు చాలినన్ని లేని తొలిదశలో ఉప్పుటేళ్లలో దొరికే సహజమైన రొయ్యపిల్లలకు గిరాకీ ఉండేది. యానాదులు, మత్స్యకార స్త్రీలు, పిల్లలు సన్నని వలలతో వాటిని పట్టి అమ్మేవారు. సముద్రంలో దొరికే గుడ్లున్న తల్లి రొయ్యను ప్రాణంతో ఒడ్డుకు చేర్చిన మత్స్యకారునికి హేచరీలు వేల రూపాయలు చెల్లించేవి. కొంతకాలం పేదల చేతికి కూడా రొయ్యల డబ్బు వచ్చిన మాట నిజం. హేచరీలు పెరిగాక రొయ్యపిల్లల సేకరణకు గిరాకీ పడిపోయింది. యానాదులకు కాపలా పని మిగిలింది. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా గట్టు మీద గుడిసెలోనే కుటుంబంతో ఉండే పద్ధతి వారిని ఒక యజమానికి కట్టిపడేసింది. ఒకప్పుడు తమకిష్టమైన ఏటిలో వేటాడినవారు అదే ఏటి ఒడ్డున ఇతరుల రొయ్యలకు కాపలాదారులయ్యారు. ఈ కాలపు సామాజిక పరిణామంలో అత్యంత విషాదకరమైన అంశం ఇదే.

కాలాన్ని లెక్కించే తీరు కూడా మారింది. వరిరైతు కాలం కార్తెలతో నడుస్తుంది. రొయ్యకు కార్తె లేదు. పిల్ల వదిలిన నాటి నుంచి రోజుల లెక్కే దాని వయసు. రోజుకు నాలుగైదు సార్లు, అర్ధరాత్రి కూడా మేత వేయాలి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి ఆ వేళ మెలకువగా ఉండాలి. అయితే పాత పంచాంగం పూర్తిగా పోలేదు. అమావాస్య, పౌర్ణమి దినాల్లో రొయ్య పెంకు విడుస్తుంది. పెంకు మెత్తగా ఉన్నప్పుడు పట్టుబడి చేస్తే ధర రాదు. ఉప్పుటేటికి పోటు వచ్చేదీ ఆ తిథుల్లోనే. వ్యవసాయంలో నక్షత్రాన్ని చూసిన రైతు ఇప్పుడు తిథిని చూశాడు. జాలరులకు తరతరాలుగా తెలిసిన పోటుపాట్ల జ్ఞానం ఈ విధంగా డెల్టా రైతుకు కూడా అవసరమైంది. కాని ఆ జ్ఞానం ఉన్న జాలరికి గుంటలో వాటా దక్కలేదు.

6. మాట, తిండి, హోదా

సామాజిక మార్పుకు భాష నమ్మదగిన సాక్షి. గుంట అన్న మాటకు పూర్వం చిన్న నీటిపల్లం అని అర్థం. నెల్లూరు తీరంలో అది ఎకరాల విస్తీర్ణం గల రొయ్యల చెరువుకు పేరైంది. పట్టుబడి అంటే దొరికిపోవడం. ఇప్పుడు గుంటలోని రొయ్యలన్నిటినీ తీసే దినం పట్టుబడి. విత్తనాన్ని సూచించే సీడు రొయ్యపిల్ల అయింది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంట్ ధరను నిర్ణయించే మాటగా నిలిచింది. ముప్పై కౌంట్, నలభై కౌంట్ అంటే చదువు రాని కాపలాదారుకు కూడా తెలుసు. పుట్టి లెక్కలో ఎంత ఎక్కువైతే అంత సంపద. కౌంట్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. లెక్కించే పద్ధతే తలకిందులైంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది రైతు అన్న మాట. కయ్య దగ్గర ఉండి సేద్యం చేయించేవాడు, చేసేవాడు రైతు అన్నది పాత అర్థం. పట్టణంలో వృత్తి చేసుకుంటూ గుంటలో పెట్టుబడి పెట్టినవాడు కూడా రొయ్యల రైతు అయ్యాడు. రాత్రింబవళ్లు గట్టు మీద ఉండి రొయ్యను పెంచినవాడు మాత్రం పనివాడు, కాపలాదారు. సాగు పరిభాష విస్తరించినా రైతు అన్న గౌరవం శ్రమను అనుసరించలేదు. అది పెట్టుబడిని అనుసరించింది.

తిండి విషయంలోనూ ఇటువంటి ఎడం ఏర్పడింది. చేపల పులుసుకు నెల్లూరు పేరుపొందింది. ఉప్పుటేటి చిన్న రొయ్యలు, పీతలు, ఎండిన రొయ్యపొట్టు తీరప్రాంత పేదల వంటలో నిత్యం ఉండేవి. గుంటల్లో పెరిగిన టైగర్ రొయ్య స్థానికుల తిండి కోసం పెంచింది కాదు. తల తీసి, మంచులో పెట్టి, విదేశాలకు పంపే సరుకు. ఏటి ఒడ్లు మూసుకుపోవడంతో వేట తగ్గి, పేదల కంచంలో ఉన్నది కూడా తగ్గింది. చుట్టూ రొయ్యలు పెరుగుతున్న ఊళ్లో రొయ్య ఖరీదైన పదార్థమైంది.

డబ్బు వచ్చిన కుటుంబాల్లో కొత్త హోదా చిహ్నాలు కనిపించాయి. మిద్దెలు, వాహనాలు, ఆడంబరమైన పెళ్లిళ్లు వాటిలో కొన్ని. పిల్లల చదువుల కోసం నెల్లూరు పట్టణానికి కాపురాలు మారాయి. ఈ డబ్బు కొందరు పిల్లలకు ఉన్నత విద్యను అందించిందన్నది కాదనలేని మేలు. అయితే కయ్య సంపద పంట పంటకూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. గుంట సంపద ఒక పంటతో రెట్టింపై, మరో పంటతో అప్పుగా మారుతుంది. నిదానమైన వరి సంస్కృతిలో పెరిగిన రైతు కుటుంబాలకు ఈ అనిశ్చితి కొత్త అనుభవం. సాగును వ్యవసాయమనే పేరుతో పిలిచినా దాని నడక వ్యాపారానిది, కొన్నిసార్లు జూదానిది.

7. తాగునీరు, స్త్రీల ప్రతిఘటన

ఇసుక దిబ్బల మీది పల్లెల్లో నేల అడుగున ఉప్పునీటిపై పలుచని పొరగా మంచినీరు తేలుతుంటుంది. మత్స్యకార స్త్రీలు చెలమలు తీసి ఆ నీటిని తోడుకునేవారు. గుంటల్లో నిలవచేసిన ఉప్పునీరు ఊటగా దిగి ఈ పొరను పాడుచేసింది. వేసవిలో ఉప్పుటేటి నీటి ఉప్పదనం పెరిగినప్పుడు దాన్ని తగ్గించడానికి బోర్ల ద్వారా మంచినీటిని తోడి గుంటల్లో కలపడంతో నష్టం రెట్టింపయ్యింది. గుంటలకు వాడిన ప్రతి బోరు పల్లె చెలమకు పోటీ అయ్యింది.

నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ఇందుకు నమోదైన ఉదాహరణ. రొయ్యల గుంటల వల్ల అక్కడి 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిందనీ, స్త్రీలు ఆందోళన చేసిన తరువాతే ట్యాంకర్లతో నీరు సరఫరా చేశారనీ సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చిన ఆధారాల్లో ఉంది. సాగు లాభాన్ని పురుషులు లెక్కించగా దాని నష్టాన్ని బిందెలతో మోసినవారు స్త్రీలు.

అదే కాలంలో జిల్లా మెట్టప్రాంతంలో మరో స్త్రీల ఉద్యమం నడిచింది. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరదీపం అక్షరాస్యతా కార్యక్రమం వాచకంలోని సీతమ్మ కథ పాఠం స్ఫూర్తితో దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. తీరంలో నీటికోసం, మెట్టలో సారాకు వ్యతిరేకంగా నడిచిన ఈ పోరాటాల కారణాలు వేరు, సందర్భాలు వేరు. అయినా రెండింటిలోనూ ఇంటిని నడిపే స్త్రీయే బయటి వ్యాపారం ఇంట్లోకి తెచ్చిన నష్టాన్ని మొదట గుర్తించింది. సారా ఉద్యమానికి చరిత్రలో దక్కిన స్థానం తీరపు స్త్రీల నీటి పోరాటానికి దక్కలేదు. మొదటిది ఒక నిషేధంతో ఫలించింది. రెండోదానికి దొరికింది ట్యాంకరు మాత్రమే.

8. 1994: తెల్లమచ్చ

1994 చివరిలో నెల్లూరు గుంటల్లో రొయ్యలు పెంకుపై తెల్లని మచ్చలతో గట్ల అంచులకు చేరి చనిపోవడం మొదలైంది. అంతకు ముందు తైవాన్, చైనాలలో బయటపడిన వైరస్ వ్యాధి ఇది. సోకిన కొద్దిరోజుల్లోనే గుంటలోని రొయ్యలన్నీ పోతాయి. మందు లేదు. చేయగలిగిందల్లా ఉన్న రొయ్యలను వెంటనే పట్టి అమ్ముకోవడమే.

వ్యాధి ఇంత వేగంగా వ్యాపించడానికి కారణం నీటి ఏర్పాటులోనే ఉంది. గుంటలకు నీరు తెచ్చుకునేదీ, వాడిన నీరు వదిలేదీ ఒకే ఉప్పుటేటిలోకి, ఒకే కాలువలోకి. ఒక గుంటలో రొయ్య చస్తే ఆ నీటిని ఏటిలోకి వదిలారు. పై గుంటవాడు అదే నీటిని పంపుతో తోడుకున్నాడు. గట్టు ఎంత ఎత్తుగా ఉన్నా వైరస్‌ను ఆపలేకపోయింది. నేలను ఎవరి వాటాకు వారు విడగొట్టుకున్నవారు నీటిని ఉమ్మడిగా కాపాడుకునే ఏర్పాటు చేసుకోలేదు. వరి ప్రాంతంలో కాలువ నీటిని వంతులవారీగా పంచుకునే కట్టుబాట్లు ఉన్న రైతులే ఉప్పుటేటి విషయంలో ఆ కట్టుబాటును పాటించలేదు.

పతనం అందరినీ సమానంగా తాకలేదు. లాభాలు ముందే వెనక్కు తీసుకున్నవారు తప్పుకున్నారు. చివరి దశలో అప్పుచేసి గుంట తవ్విన చిన్నరైతు భూమిని కోల్పోయాడు. అసైన్డ్ పట్టాదారునికి లీజు ఆగిపోయి, ఉప్పు నేల తిరిగి వచ్చింది. కాపలాదారునికి పని పోయింది.

9. న్యాయస్థానం, చట్టం

ఈలోగా రొయ్యల సాగు వివాదం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగ్, ఎస్. సగీర్ అహ్మద్ 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పారు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ పరిధిలోని గుంటలను, సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులవి తప్ప, 1997 మార్చి 31లోగా తొలగించాలని ఆదేశించారు. వ్యవసాయ భూములు, ఉప్పు మళ్లు, మడ అడవులు, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదన్నారు. కాలుష్యానికి కారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని వర్తింపజేశారు. పని కోల్పోయే కార్మికులకు చట్టబద్ధమైన పరిహారంతోపాటు ఆరేళ్ల వేతనం చెల్లించాలని నిర్దేశించారు.

తీర్పు గ్రామ ఉమ్మడి భూమిని ఒక విలువగా గుర్తించడం గమనించదగినది. రెవెన్యూ రికార్డు పోరంబోకు అన్న నేలను న్యాయస్థానం ప్రజల జీవనాధారంగా చూసింది. అయితే సమీక్ష పిటిషన్ల కారణంగా తొలగింపు ఉత్తర్వు అమలు నిలిచిపోయింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. నమోదు, అనుమతి, పర్యవేక్షణలకు ఒక వ్యవస్థ ఏర్పడింది. అదే సమయంలో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ రొయ్యల సాగుకు వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించనట్లు భావించాలని ఆ చట్టం పేర్కొన్నది. ఆ విధంగా తీర్పుకు ఆధారమైన నిబంధనే సాగుదారుల దారి నుంచి తొలగింది.

10. రెండో విడత

2009లో వనామి రొయ్య సాగుకు ప్రభుత్వం అనుమతించింది. పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతికి వ్యాధి లేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకుని, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి హేచరీలకు ఇచ్చే పద్ధతి వచ్చింది. నెల్లూరు తీరంలో పాడుబడిన గుంటల్లో మళ్లీ నీరు నిండింది. పక్షులను, పీతలను ఆపే వలలు, నీటిని శుద్ధిచేసే రిజర్వాయరు గుంటలు సాగులో భాగమయ్యాయి. మొదటి విడత అనుభవం వల్ల రైతులు నీటి విషయంలో జాగ్రత్త నేర్చుకున్నారు.

ఆ జాగ్రత్త ప్రధానంగా రొయ్యను కాపాడుకోవడానికి. చెలమ నీటికీ, యానాదుల ఏటి హక్కుకూ, అసైన్డ్ పట్టాదారుని నేలకూ అటువంటి రక్షణ ఏర్పడలేదు. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం ఓడరేవు, దాని చుట్టూ వెలసిన విద్యుత్ కేంద్రాలు అదే తీరపు నేలకు మరో గిరాకీ తెచ్చాయి. రొయ్యల విజృంభణ కాలంలో ధర పొందిన పోరంబోకు తిరిగి ధర లేని నేలగా మారలేదు.

11. ముగింపు

నెల్లూరు తీరంలో రొయ్యల విజృంభణ అయిదారేళ్లు మాత్రమే నడిచింది. అది తెచ్చిన సంపద చాలావరకు 1994 తరువాత కరిగిపోయింది. నేలకు ధర, ఏటి ఒడ్డుకు కాపలా, రైతు అన్న మాటకు కొత్త అర్థం, పల్లెకు ట్యాంకరు నీరు మాత్రం నిలిచిపోయాయి. ఉమ్మడి వనరుగా ఉన్న అంచు నేల సొంత ఆస్తిగా మారడమే ఈ కాలపు ప్రధాన సామాజిక పరిణామం.

ఈ పరిణామాన్ని సాగు వల్ల వచ్చిన కీడుగా మాత్రమే చూడడం సమంజసం కాదు. చవుడు నేలలకు విలువ వచ్చింది. కొన్ని కుటుంబాల జీవనస్థాయి పెరిగింది. ఎగుమతి ఆదాయం దేశానికి చేరింది. సమస్య పంపకంలో ఉంది. లాభాన్ని గట్టు లోపల ఉంచుకుని నష్టాన్ని గట్టు బయటికి వదిలే ఏర్పాటులో ఉంది. తెల్లమచ్చ వ్యాధి ఆ ఏర్పాటు లోపాన్ని సాగుదారులకే చూపింది. కుర్రు స్త్రీలు దానిని అంతకు ముందే చూశారు. ఉప్పుటేటి నీటిని పెన్నా కాలువ నీటిలాగే ఉమ్మడి ఆస్తిగా భావించి, దాని మీద జాలరికి, యానాదికి, చెలమ తోడుకునే స్త్రీకి కూడా చెప్పుకోదగిన మాట ఉండేలా నిర్వహణ ఏర్పడితే తప్ప, ఏ జాతి రొయ్య వచ్చినా నెల్లూరు తీరంలో ఈ చరిత్ర పునరావృతమయ్యే అవకాశం ఉంది.